సోమవారం తీసిన సున్నా

విశాఖలో సముద్రానికి ఎదురుగా, ఉప్పుగాలికి రంగు వెలిసిపోయిన మూడంతస్తుల పరిశోధనశాల ఒకటుంది. డైరెక్టరుతో కలిపి అందులో నలభై ఒక్కమంది పనిచేసేవారు. ఒక చప్పుడు వాళ్లందరికీ బాగా తెలుసు. డైరెక్టరుగారి కారు గేటు దాటగానే కింద వర్క్‌షాపులో ఉండే సుభానీగారు చేతిలోని స్పానరుతో నీళ్ల పైపు మీద రెండుసార్లు కొట్టేవాడు. టంగ్, టంగ్. ఆ పైపు గోడ వెంట మూడో అంతస్తు దాకా పోతుంది కాబట్టి చప్పుడు అన్ని గదులకూ ఒకేసారి చేరేది. తింటున్నవాళ్లు డబ్బా మూతపెట్టేవారు. నవ్వుతున్నవాళ్లు నోరు మూసేవారు. నిజంగా పని చేస్తున్నవాళ్లు సైతం ఆ పని ఆపేసి, పని చేస్తున్నట్టు కనపడటం మొదలుపెట్టేవారు.

డైరెక్టరు పేరు డాక్టర్ చక్రధరరావు. అరిచే మనిషి కాదు. గొంతు పెంచకుండానే మనిషిని నేలకు దించేయగలడు. సోమవారం సోమవారం ఆయన పెట్టే సభకు ఒక నియమం ఉండేది. సమస్య చెప్పేవాళ్లు దాని పరిష్కారం కూడా వెంట తేవాలి. తేలేకపోతే సభ ముగిసేదాకా నిలబడాలి. అక్కడి పరిశోధకురాలు నూకరత్నం ఒకసారి జ్వరంతో రెండున్నర గంటలు అలా నిలబడింది. ఆ రోజు ఆమె చేసిన నేరం, ఒక పంపు సరిగా లాగడం లేదని చెప్పడం. ఆ తర్వాత ఆ సభలో ఎవరికీ ఏ సమస్యా లేదు. భూప్రపంచంలో సమస్యలే లేని పరిశోధనశాల అదొక్కటే అయివుంటుంది.

హాజరు పుస్తకం పక్కన మాత్రం అసిడిటీ మాత్రల డబ్బా ఒకటుండేది. ఎవరు తెచ్చిపెట్టారో తెలియదు. ఇంట్లో ఊరగాయ జాడీలాగా దాని మీద అందరికీ హక్కుండేది. సంతకం పెట్టడం, ఒక మాత్ర నోట్లో వేసుకోవడం, మెట్లెక్కడం. ఉద్యోగమంటే ఇంతేనని రత్నం అనుకునేది. అందరికీ కడుపులో మండుతున్నప్పుడు దాన్ని మంట అని ఎవరంటారు?

అక్కడ తయారైన వస్తువుకు కాగితాల మీద ‘శ్వాస భద్రతా మాపకం’ అని పేరు. అంత పేరు పెట్టి పిలిచే ఓపిక ఎవరికీ లేక అందరూ ‘ముక్కు’ అనేవారు. అరచేతిలో పట్టే పెట్టె, దానికి జానెడు గొట్టం. మనిషి భయంలో ఉన్నా, ఒళ్లు పూర్తిగా అలిసిపోయినా అతని ఊపిరిలో కొన్ని ఆవిరులు కలుస్తాయి. మనకు తెలియని ఆ వాసనను ముక్కు పట్టేసి ఒక అంకె చూపిస్తుంది. సున్నా చూపిస్తే మనిషి నిమ్మళంగా ఉన్నట్టు. అరవై దాటితే అతని చేతికి యంత్రం ఇవ్వకూడదు. రేవులో క్రేను నడిపేవాళ్ల సీటు ముందు దీన్ని తగిలిస్తే గొట్టంలో ఊదే పని కూడా లేదు, గాల్లోంచే పసిగడుతుంది. అంకె అరవై దాటిన క్షణంలో క్రేను తనంతట తానే బరువును మెల్లగా కిందికి దించేసి ఆగిపోతుంది.

ఈ ఆలోచన రత్నానిదే. ఆమె అన్న అప్పలసూరి రేవులో క్రేను ఆపరేటరు. అమ్మానాన్నలు పోయాక ఆ క్రేను మీది సంపాదనతోనే చెల్లెల్ని చదివించాడు. నలభై మీటర్ల ఎత్తులో గాజు గదిలో కూర్చుని, కాళ్ల మధ్య నుంచి కిందికి చూస్తూ ఇరవై టన్నుల పెట్టెలను దించే పని అది. అన్న ఇంటికి వచ్చేదాకా చిన్నప్పటి నుంచీ ఆమెకు అన్నం సహించేది కాదు. అందుకే ముక్కును కన్నబిడ్డలా పెంచింది.

ఏ తక్కెడకైనా ముందు ఖాళీ తూకం సరిచూడాలి కదా. ముక్కుకీ అంతే. ఆరోగ్యంగా, నిమ్మళంగా ఉన్న కొందరి ఊపిరి తీసుకుని, ఆ సగటుకు సున్నా అని పేరు పెట్టాలి. బయటివాళ్లను పిలిపిస్తే ఆలస్యమవుతుందని చక్రధరరావు ఒప్పుకోలేదు.

“నలభై మంది ఇక్కడే ఉన్నారు కదా. అందరూ ఆరోగ్యంగానే ఉన్నారు. ఈ వారంలోనే పూర్తి చేసేయండి” అన్నాడు.

అందరూ ఒకచోట దొరికేది సోమవారం సభ అయ్యాకే. కాబట్టి సభ గదిలోంచి బయటికి వస్తున్నవాళ్లను వస్తున్నట్టే వరసలో నిలబెట్టి గొట్టంలో ఊదించారు. సుభానీగారు రిజిస్టరులో రాసుకున్నాడు. సగటు కట్టారు, సున్నా పెట్టారు. అందులో తప్పేముందో ఆ రోజు ఆ భవనంలో ఒక్కరికీ తట్టలేదు.

పరీక్ష కోసం మొదటి ముక్కును అప్పలసూరి క్రేనులోనే బిగించారు. మూడో రోజు మధ్యాహ్నం అతను ఫోను చేశాడు.

“చెల్లీ, నీ ముక్కు మైనస్ పదిహేడు సూపిస్తందే! మైనస్ ఏటమ్మా? నాను బతికే ఉన్నాను గదా?”

రత్నానికి ముందు నవ్వొచ్చింది. సున్నా కంటే తక్కువ రావడమేమిటి? రెండు రోజులు తనలో తనే మథనపడి, చివరికి ధైర్యం చేసి డైరెక్టరు గదికి వెళ్లింది. ఆయన కంప్యూటరు మీంచి తల ఎత్తలేదు.

“మన దగ్గర సున్నా వస్తోందా, లేదా?”

“వస్తోంది సార్. అందరికీ సున్నానే.”

“అయితే లోపం మనలో లేదు. బయట ఉంది. మైనస్ వస్తే సున్నా అని కనపడేలా మార్చేయండి. పై నెలలో అరవై క్రేనులకు బిగిస్తున్నాం. అప్పుడు మైనస్ కనపడితే నలుగురూ నవ్వుతారు.”

“సార్, అసలు ఎందుకు వస్తోందో ఒకసారి...”

ఆయన అప్పుడు తల ఎత్తాడు. అంతే. రత్నం తన బల్ల దగ్గరికి వచ్చి నాలుగు వరసల ప్రోగ్రాము రాసి, మైనస్‌ను మాయం చేసింది. ఒక మాత్ర వేసుకుంది. ఆ నాలుగు వరసలు రాసినందుకు ఆమె తర్వాత తనను తాను చాలా తిట్టుకుంది. ఆ రోజు మాత్రం తిట్టు తప్పించుకున్నానన్న నిశ్చింతే మిగిలింది.

మూడు వారాల తర్వాత ప్రమాదం జరిగింది. తోటి ఆపరేటరుకు జ్వరమొస్తే అప్పలసూరి రెండు షిఫ్టులు వరసగా చేశాడు. రెండో షిఫ్టు చివర్లో కళ్లు తిరిగి చెయ్యి జారింది. పెట్టె ఊగి ట్రెయిలరు క్యాబినును నుగ్గునుగ్గు చేసింది. డ్రైవరు అప్పుడే టీ కోసం కిందికి దిగాడు కాబట్టి బతికిపోయాడు. ఊరి దేవత ఎర్నిమ్మ దయ అన్నారందరూ.

కానీ ముక్కు ఆ క్షణంలో నలభై నాలుగు చూపించింది. పచ్చదీపం. అతను బాగానే ఉన్నాడని యంత్రం అంటోంది కాబట్టి మనిషిదే నిర్లక్ష్యమని కాగితం రాశారు. అప్పలసూరిని పని నుంచి ఆపేశారు. బుధవారం పరిశోధనశాలలోనే విచారణ. ముక్కు సరైనదని తేలితే అతను మళ్లీ క్రేను ఎక్కడు. అది కాక, అదే ముక్కు అరవై క్రేనుల మీదికి ఎక్కుతుంది.

ఆదివారం రత్నం ల్యాబులోని ఒక ముక్కును సంచిలో వేసుకుని తానుండే పైవాటా నుంచి అన్న వాటాలోకి దిగింది. అందులో మైనస్‌ను దాచే నాలుగు వరసలను ముందే తీసేసింది. అప్పలసూరి మంచం మీద కూర్చుని గోడ వంక చూస్తున్నాడు. గడ్డం మాసిపోయింది.

“మూడు రోజులై కన్ను మూయలేదు మీ అన్నియ్య” అంది వదిన సన్యాసమ్మ. “అన్నం ఎడితే కలిపీసి లేచిపోతన్నారు.”

“ఒకసారి ఊదన్నియ్యా.”

“దీని మొకం నాకు సూపించకే” అన్నాడు గానీ, చెల్లెలి మాట కాదనలేక ఊదాడు.

రెండు. పచ్చదీపం.

అప్పలసూరి ఆ అంకె వంక చూసి నవ్వాడు. ఏడుపు కంటే కష్టంగా ఉంది ఆ నవ్వు. “సూసావా? నాను బాగానే ఉన్నానట. నీ మిషనుకి తెలిసినంత నాకు తెల్దు.”

రత్నం అక్కడ నిలబడలేక వీధిలోకి వచ్చింది. పక్కింటి పోలమ్మ అరుగు మీద ఎండుచేపలు ఆరబోస్తూ, కాకుల్ని అదిలిస్తూ, ఎవరినో తీరుబడిగా తిడుతోంది. రత్నం ఆమె చేత ఊదించింది. మైనస్ పదహారు.

“అంటే నాను బాగున్నట్టా, బాగోనట్టా?” అంది పోలమ్మ.

“నీకెలా ఉంది పోలమ్మా?”

“నాకేటి? మోకాలు నొప్పి, కోడలు పోరు. బాగానే ఉన్నాను.”

ఎదురింటి ముసలాయన, మైనస్ పందొమ్మిది. గోళీలాడుతున్న పిల్లలు, మైనస్ ఇరవై ఒకటి. ఇస్త్రీ బండి దగ్గరి దంపతులు, పదిహేను, పదిహేడు, రెండూ మైనస్. రత్నం వీధి మధ్యలో నిలబడిపోయింది. నిద్రా తిండీ లేక, పరువు పోతుందన్న దిగులుతో కుమిలిపోతున్న మనిషికి మాత్రమే ఈ వీధిలో సున్నా దగ్గర అంకె వచ్చింది. తన పరిశోధనశాలలో అదే అంకె నలభై మందికీ రోజూ వస్తోంది.

“ఓలమ్మో!” అనుకుంది పైకే. “మా భయానికా మేం సున్నా అని పేరు పెట్టాం!”

వేళ్ల మీద లెక్క వేసుకుంది. సున్నానే దాదాపు పందొమ్మిది మెట్లు పైన పెట్టారు. అన్నయ్య చెయ్యి జారిన రోజు వచ్చిన నలభై నాలుగుకు ఆ పందొమ్మిది కలిపితే అరవై మూడు. క్రేను అతని చేతిలోంచి బరువు తీసుకుని ఆగిపోవలసింది. తప్పు అన్నయ్యది కాదు. ఆ మాట మనసులో అనుకోగానే వారం రోజుల తర్వాత మొదటిసారి ఆమెకు ఆకలేసింది.

సోమవారం సభ అవగానే కింద వర్క్‌షాపుకు వెళ్లి రిజిస్టరు అడిగింది. సుభానీగారు ముప్ఫై ఏళ్లుగా అక్కడ గాజు గొట్టాలూ ఇత్తడి మరలూ తయారుచేస్తున్న మనిషి. ఇచ్చాడు గానీ చూపు పక్కకు తిప్పుకున్నాడు. మొదటి వరసలో డైరెక్టరు పేరుంది. ఎదురుగా అంకె కూడా ఉంది. కింది నలభై పేర్లకూ పక్కన ఎవరి సంతకం వాళ్లది ఉంది. మొదటి వరసలో సంతకం లేదు.

“ఇది ఎవరు రాశారు సుభానీగారూ?”

ఆయన చేతిలోని స్పానరును గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. “నేనే అమ్మా. మిగతా నలభై మంది సగటు ఎంతొచ్చిందో అదే అక్కడ వేసేశాను. సార్ దగ్గరికెళ్లి ఈ గొట్టంలో ఊదండి అని అడిగేవాడెవడు? మీరడుగుతారా?”

అడగదు. ఆమెకూ తెలుసు. ఆమె స్థానంలో ఎవరున్నా అదే అంకె వేసేవారు. పిల్లి మెడలో గంట కట్టేదెవరన్నది పాత చిక్కే.

“సార్ ఊది ఉంటే ఎంతొచ్చేదంటారు?” అంది.

సుభానీగారు స్పానరు తుడవడం ఆపాడు.

బుధవారం ఉదయం రేవు భద్రతాధికారి వసుంధర వచ్చింది. నెరిసిన జుట్టు, తక్కువ మాటలు. సభ గదిలో బల్లకు అటు చక్రధరరావు, ఇటు అప్పలసూరి. అప్పలసూరి ఇస్త్రీ చొక్కా వేసుకుని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఉద్యోగులంతా గోడ వెంట ఉన్న కుర్చీల్లో ఉన్నారు.

“మా మాపకం నిర్దుష్టమైనది మేడమ్” అన్నాడు చక్రధరరావు, మెత్తగా. “ప్రమాద సమయంలో ఆపరేటరు పూర్తిగా పని చేయగల స్థితిలోనే ఉన్నాడు. మా సున్నాను నలభై ఒక్కమంది మీద సరిచూశాం. ఎవరికైనా ఇందులో సందేహముందా?”

అలా అడగడం ఆయనకు అలవాటు. జవాబు రాకపోవడం కూడా అలవాటే. రత్నం అన్నయ్య చొక్కా వంక చూసింది. పై గుండీ దగ్గర వదిన వేరే రంగు దారంతో కుట్టింది. రత్నం లేచి నిలబడింది.

“సమస్య ఉంది సార్. నిలబడే చెబుతాను. నలభై ఒక్కమంది కాదు, నలభై మందే. మీరు ఊదలేదు.”

వసుంధర రిజిస్టరు తన వైపు లాక్కుంది. మొదటి వరస చూసింది, ఖాళీగా ఉన్న సంతకం చోటు చూసింది.

“ఇది ఎవరు రాశారు?”

“నేనండీ” అని గోడ దగ్గర సుభానీగారు కూడా లేచాడు.

“సరే, ఇప్పుడు ఊదితే పోయిందేముంది?” అంది వసుంధర.

పరాయి అధికారి ముందు కాదనడం బాగుండదని రత్నం సంచిలోంచి తీసిన ఆదివారం నాటి ముక్కు గొట్టాన్ని చక్రధరరావు చిరునవ్వుతో అందుకున్నాడు. సుఖంగా, నిండుగా ఊదాడు. అంకె తెర మీద కనిపించింది.

మైనస్ పందొమ్మిది.

తర్వాత రత్నం గొట్టం తుడిచి, కొత్త మూతి తగిలించి, గోడ వెంట ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లింది. సున్నా. ఒకటి. సున్నా. మూడు. సున్నా. సుభానీగారికి తొమ్మిది.

“దీని అర్థం?” అంది వసుంధర.

ఆదివారం వీధిలో తీసిన అంకెల కాగితం రత్నం ఆమె ముందు పెట్టింది. “ఎండుచేపలు అమ్ముకునే పోలమ్మకు మైనస్ పదహారు మేడమ్. పిల్లలకు మైనస్ ఇరవై ఒకటి. నిమ్మళంగా ఉన్న మనిషి అంకె అది. మేం సోమవారం సభ అయిన వెంటనే ఊపిరి తీశాం. భయపడి ఉన్నవాళ్లను కొలిచి, దాన్నే సున్నా అన్నాం. ఈ భవనంలో హాయిగా ఊపిరి తీసుకుంటున్న మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయన్ను ఊదమని అడగడానికే మాకు భయమేసింది.”

“పొయ్యి మీద కూర్చుని చలువ ఎంతుందో రాసుకున్నామండీ” అన్నాడు సుభానీగారు.

చక్రధరరావు తెర మీది అంకె వంక చాలాసేపు చూశాడు. ఆయన మొహంలో కోపం లేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

“ఇన్నేళ్లలో నాకు ఒక్కరూ చెప్పలేదే?” అన్నాడు.

“చెప్పినవాళ్లను నిలబెట్టారు సార్” అంది రత్నం.

వసుంధర ప్రమాదం రోజు అంకెకు పందొమ్మిది కలిపి, కింద రెండు గీతలు గీసింది. అప్పలసూరి వైపు తిరిగి, “అరవై మూడు. నువ్వు ఆపకపోయినా యంత్రం ఆపాలి. కానీ ఇంకోసారి రెండు షిఫ్టులు చేయమంటే ముందు నా దగ్గరికి రా” అంది.

అప్పలసూరి ఒళ్లో ఉన్న చేతులు పైకెత్తి దండం పెట్టాడు. బయటికి వచ్చాక వరండాలో స్తంభానికి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. రత్నం కూడా ఏడ్చింది. ఇద్దరి గుండెల మీంచీ పెద్ద బండ దిగిపోయింది.

“నువ్వు సిన్నప్పుడు పెద్దపంతులికి బయపడి బడి మానేసినావు, గుర్తుందా?” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

“గుర్తుంది. నువ్వే ఎత్తుకెళ్లి దింపేవాడివి.”

“ఈసారి నువ్వు నన్ను పనికాడ దింపీసినావు” అన్నాడు.

చక్రధరరావును తొలగించలేదు. అలాంటివాళ్లను ఎవరూ తొలగించరు, గౌరవంగా దూరానికి పంపుతారు. ఢిల్లీలో తన కింద మనుషులెవరూ లేని ఒక సలహా పదవి ఆయనకు దొరికింది. వెళ్లే రోజు సుభానీగారు రిజిస్టరు పట్టుకుని కారు దగ్గరికి వెళ్లాడు. చక్రధరరావు మొదటి వరసలో పాత అంకె కొట్టేసి, మైనస్ పందొమ్మిది అని రాసి, సంతకం పెట్టాడు. అది ఆయన వెనక వదిలి వెళ్లిన అసలైన కొలత.

కొత్త సున్నాను రత్నం ఆదివారాలు తీసింది. ఎండుచేపల అరుగుల దగ్గర, పార్కు బెంచీల మీద, కూరగాయల బజారులో, మూడు వందల మంది ఊపిరితో. పోలమ్మ రెండుసార్లు ఊదింది, ఒకసారి సరదాకి. ఆ సున్నాతోనే అరవై క్రేనులకూ ముక్కులు బిగించారు. మొదటిది అప్పలసూరి సీటు ముందు.

పరిశోధనశాల సభ గదిలో కూడా ఒక ముక్కును తగిలించారు. మొదటి వారం అది పద్దెనిమిది చూపించింది. డైరెక్టరు వెళ్లిపోయాక కూడా పద్దెనిమిది! భయం పోయిన సంగతి ఒంటికి త్వరగా తెలియదు. రెండో వారం పదమూడు. నెలకు ఎనిమిది. మాత్రల డబ్బా సగంలోనే ఉండిపోయింది.

ఒక గురువారం మధ్యాహ్నం అందరూ సభ గదిలో కూర్చుని డబ్బాలు విప్పారు. రత్నం సరిగా పనిచేయని పంపు గురించి చెబుతోంది, కూర్చునే. ఎవరో పనసకాయ కూర పంచుతున్నారు. అప్పుడు వినిపించింది.

టంగ్, టంగ్.

డబ్బాల మూతలు పడ్డాయి. ఒకతను ముద్దను నమలకుండానే మింగేశాడు. రత్నం లేచి నిలబడిపోయింది. గోడ మీది ముక్కు ఒక్కసారిగా ముప్ఫై ఒకటికి ఎగిరింది.

తలుపు తెరుచుకుంది. స్పానరుతో, తడిసిన చొక్కాతో సుభానీగారు.

“ఏమయ్యింది?” అన్నాడు బిత్తరపోయి. “పైపు లీకవుతోంటే మర బిగిస్తున్నానమ్మా. ఎవరూ రాలేదు.”

తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో అందరూ మొదలుపెట్టారు. బల్ల మీద తలలు పెట్టి, కడుపులు పట్టుకుని, కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వారు. రత్నం నవ్వుతూ కుర్చీలో కూలబడింది. సుభానీగారు తలుపుకు ఆనుకుని నవ్వాడు. గోడ మీద అంకె ముప్ఫై నుంచి ఇరవైకి, ఇరవై నుంచి పదికి దిగుతూ వచ్చింది.

దాని వంక ఎవరూ చూడలేదు. పనసకాయ కూర మళ్లీ పంచడం మొదలైంది. అంకె సున్నా మీద చాలాసేపు నిలబడింది.